సైరన్ మోగకముందు

అనంతపురం

పిల్లలూ,

పెద్దయ్యాక అంబులెన్సులో పనిచేస్తామని మీలో కొందరు అంటున్నారు. సంతోషం. అందుకే శిక్షణకు వెళ్లే విద్యార్థి ఆ బండిలో ఏం చేస్తాడో రాస్తున్నాను. బ్రిటన్‌లో 999 నంబరుకు ఫోను చేస్తే పరుగెత్తే బండి అయినా, 2005 ఆగస్టు 15న మన దగ్గర మొదలైన 108 అయినా విద్యార్థి మూడో మనిషే. మన బండిలో నడిపేవారిని పైలట్ అంటారు, రోగిని చూసుకునేవారు ఈఎంటీ. ఆ ఈఎంటీ చెప్పనిది విద్యార్థి ముట్టుకోకూడదు.

డ్యూటీ ఎక్కగానే చూడాల్సింది ఆక్సిజన్. బి టైపు సిలిండరు నిండుగా ఉంటే ఒత్తిడి చూపే మీటరు ముల్లు 150 మీద ఉంటుంది, లోపల సుమారు 1500 లీటర్లు ఉన్నట్టు. సంచి ఉన్న మాస్కుకు నిమిషానికి 10 లీటర్లు కావాలి. ముల్లు 50 దగ్గరుంటే మిగిలింది 500 లీటర్లు, అంటే 50 నిమిషాలు. కళ్యాణదుర్గం నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి సుమారు 60 కిలోమీటర్లు. ఆ గాలి దారిలోనే అయిపోతుంది. ఈ లెక్క బండి కదలకముందే వేసుకోవాలి. వాల్వు మెల్లగా తిప్పాలి. చేతికి కొబ్బరినూనె, గ్రీజు ఉంటే తుడుచుకున్నాకే తాకాలి, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే మండుతుంది. 'సుయ్' మని శబ్దం వస్తే వాషరు నలిగినట్టే. మాస్కు ముఖానికి పెట్టకముందు సంచి నిండాలి, ఖాళీ సంచితో పెడితే రోగికి ఊపిరాడదు.

తర్వాత రోగి నోట్లోని కఫం, వాంతి లాగేసే సక్షన్ పైపును గ్లాసు నీళ్లలో పెట్టి లాగుతుందో లేదో చూడాలి. షుగరు చూసే స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి ఉండాలి. మన ఎండలకు, ఆపి ఉంచిన బండిలో అవి పాడై తప్పు అంకె చూపిస్తాయి.

ఇక మన సీమలో తరచూ వచ్చే ఫోను: "చెనిక్కాయ చేలో పురుగు ముట్టింది." పాము పేరు నోటితో అనరు కదా! ఇక్కడే తప్పులు ఎక్కువ. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం మూడూ చెరుపే. విద్యార్థి చేయాల్సింది ఇది: మెట్టెలు, పట్టీలు, కడియం వెంటనే తీయించాలి, వాపు వచ్చాక అవి వేలినే కోస్తాయి. కాలికి చెక్క పెట్టి కదలకుండా కట్టాలి. వాపు ఎంతవరకు వచ్చిందో బాల్‌పెన్నుతో చర్మం మీద గీత గీసి, పక్కనే టైము రాయాలి. పావుగంటకు మళ్లీ చూస్తే వాపు గీత దాటిందో లేదో తెలుస్తుంది. ఊళ్లో వాళ్లు అప్పటికే తాడు గట్టిగా కట్టి ఉంటే దారిలో విప్పకూడదు. ఆగిన విషమంతా ఒక్కసారిగా ఎక్కుతుంది, డాక్టరు ముందే విప్పాలి.

కట్లపాము కరిస్తే నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. రాత్రి నేల మీద పడుకున్నవారు తెల్లారి కడుపునొప్పి అంటారు. కనురెప్పలు వాలుతుంటే అదే గుర్తు. ఊపిరి ఆగితే చేత్తో నొక్కి గాలి ఊదే ఆంబూ బ్యాగుతో ఐదారు సెకన్లకు ఒకసారి గాలి ఇస్తూ ఆసుపత్రి దాకా పోవాలి. పాము విషానికి విరుగుడు మందు ఒకటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ పనిచేస్తుంది, మొదట 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) ఎక్కిస్తారు. కాబట్టి పామును పట్టి తేవాల్సిన పని లేదు. ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల నెత్తురు గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచినప్పుడు గడ్డకట్టకుండా జారితే పింజరి విషమని అనుమానం. సబ్బుతో కడిగిన గొట్టమైతే నెత్తురు బాగున్నా గడ్డకట్టదు, కొత్తదే వాడాలి.

అప్పగించేటప్పుడు కరిచిన టైము, గీతల టైములు, ఇచ్చిన ఆక్సిజన్ గబగబా చెప్పేయాలి. కథలు వద్దు.

మీరు ఇప్పుడే చేయగలిగేదొకటుంది. 108కి ఫోను చేస్తే ఊరు, మండలం, దగ్గర్లో గుడో, బడో, హైవే అయితే కిలోమీటరు రాయి మీద అంకె చెప్పండి. వాళ్లు పెట్టేయమనేదాకా ఫోను పెట్టేయకండి. రాత్రయితే ఒక పెద్దాయనను టార్చితో రోడ్డు మొదట్లో నిలబెట్టండి.

మీ పెద్దనాయన