కారుతో వచ్చే కంపెనీ అలారానికి ఎక్స్‌ట్రా సెన్సార్లు పెట్టించుకునే ముందు: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని నాది. సైడ్ గ్లాస్ పగలగొట్టి సీటు మీదున్న ల్యాప్‌టాప్ బ్యాగు పట్టుకుపోయారండీ, అలారం మాత్రం కుయ్ అనలేదు, పాడైపోయిందేమో చూడండి అని వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. చూస్తే అలారం బాగానే ఉంటుంది. దాని పని అది చేసింది, మనమే దాన్నుంచి ఎక్కువ ఆశించాం. అక్కణ్ణుంచి మొదలుపెడతా.

అపోహ: కంపెనీ అలారం ఉంది కాబట్టి బండిని ఎవరు ముట్టుకున్నా మోగుతుంది

మన దగ్గర తిరిగే మామూలు కార్లలో చాలావాటికి అలారం కనిపెట్టేది డోర్లు, డిక్కీ, కొన్నిటికి బానెట్, అంతే. లాక్ చేశాక వీటిల్లో ఏదైనా తెరుచుకుంటే మోగుతుంది. గ్లాస్ పగలగొట్టి చెయ్యి లోపలికి పెట్టి బ్యాగు లాగేసుకుంటే డోరు తెరుచుకోలేదు కదా, ఇక ఎందుకు మోగుతుంది? జాకీ పెట్టి చక్రాలు విప్పుకుని పోయినా అంతే. ఇమ్మొబిలైజర్ ఉందిగా అంటారు కొందరు, అది సరైన తాళం లేకుండా ఇంజన్ స్టార్ట్ అవ్వనివ్వదు, అంతవరకే, లోపల వస్తువులకీ దానికీ సంబంధం లేదు.

అపోహ: సెన్సార్ కొనుక్కొస్తే రెండు వైర్లు కలిపేస్తే సరిపోతుంది

ఎక్కువ బళ్ళు పాడయ్యేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్తా. బయట దొరికే షాక్ సెన్సార్ (అదురు పసిగట్టేది), టిల్ట్ సెన్సార్ (బండి వాలడం పసిగట్టేది) లాంటివి చాలావరకు ట్రిగ్గర్ అయినప్పుడు, అంటే ఏదైనా పసిగట్టినప్పుడు, ఒక వైరుని క్షణం పాటు ఎర్త్ చేస్తాయి, అంటే బండి బాడీకి (మైనస్‌కి) కలుపుతాయి. కంపెనీ బానెట్ స్విచ్ కూడా చాలా బళ్ళలో అదే చేస్తుంది, బానెట్ తెరిస్తే ఆ వైరు ఎర్త్ అవుతుంది, బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లాకులు, అలారం లాంటివి నడిపే చిన్న కంప్యూటర్) అది చూసి అలారం మోగిస్తుంది. కాబట్టి సెన్సార్ అవుట్‌పుట్‌ని బానెట్ స్విచ్ వైరుకి కలిపితే, సెన్సార్ ట్రిగ్గర్ అయినప్పుడల్లా మాడ్యూల్ బానెట్ తెరిచారనుకుని హారన్ కొడుతుంది. ఐడియా ఇంతే, కానీ ఇందులో మూడు చూసుకోవాలి.

ఒకటి, మధ్యలో డయోడ్ ఉండాలి, అది కరెంటుని ఒక్క వైపుకే పోనిస్తుంది. 1ఎన్4007 అని పది రూపాయల లోపే దొరుకుతుంది. దాని మీద తెల్ల గీత ఉన్న వైపు సెన్సార్‌కి, గీత లేని వైపు కంపెనీ వైరుకి. తిరగేసి పెడితే ట్రిగ్గరే రాదు, అసలు పెట్టకపోతే బానెట్ తెరిచినప్పుడల్లా ఆ ఎర్త్ సెన్సార్ అవుట్‌పుట్‌లోకి కూడా పోతుంది.

రెండు, అన్ని బళ్ళూ ఒకేలా ఉండవు. కొన్నిటిలో స్విచ్ ఉల్టా, బానెట్ మూసి ఉంటే ఎర్త్, తెరిస్తే కట్. ఇంకొన్నిటిలో లైన్లో రెసిస్టర్ ఉంటుంది, మాడ్యూల్ ఆ విలువ చూస్తుంది, మనం నేరుగా ఎర్త్ చేస్తే ఏదో పాడైందని మాడ్యూల్‌లో ఫాల్ట్ కోడ్ పడుతుంది. అందుకే వైరు గీకే ముందు మల్టీమీటర్ పెట్టి బానెట్ మూసినప్పుడు ఎన్ని వోల్టులు, తెరిస్తే ఎంత అని చూడాలి. మూసినప్పుడు 5 గానీ 12 గానీ ఉండి, తెరిస్తే సున్నాకి పడితే మనం అనుకున్న పద్ధతి నడుస్తుంది. బల్బు టెస్ట్ ల్యాంప్ మాత్రం ఈ వైర్ల మీద పెట్టనివ్వకండి, అది లాగే కరెంటుకి మాడ్యూల్ లోపల సర్క్యూట్ పోయే ప్రమాదం ఉంది.

మూడు, ఇది చాలామంది పట్టించుకోరు. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే ఆటో స్టార్ట్ స్టాప్ ఉన్న బళ్ళలో చాలావాటికి బానెట్ స్విచ్‌తో కూడా పని ఉంటుంది. గతుకుల రోడ్డు మీద షాక్ సెన్సార్ ట్రిగ్గర్ అయితే బండికి బానెట్ తెరిచారన్న సమాచారం వెళ్తుంది, మీటర్లో వార్నింగ్ వస్తుంది, స్టార్ట్ స్టాప్ పనిచెయ్యదు. ఓనరు షోరూమ్‌కి పోతాడు, వాళ్ళకి ఏమీ అర్థం కాదు. దీనికి మందు ఐదు పిన్నుల రిలే, అంటే కరెంటు ఇస్తే దానంతటదే మారే స్విచ్. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాని 30 నంబరు పిన్నుకీ 87ఏ పిన్నుకీ మధ్య కలిసి ఉంటుంది, ఆన్ చేస్తే విడిపోతుంది, సెన్సార్ కరెంటు దాని ద్వారా ఇస్తే బండి నడిచేటప్పుడు సెన్సార్ నిద్రలో ఉంటుంది. రిలేకీ సెన్సార్‌కీ కరెంటు ఇచ్చే వైర్లకి చిన్న ఫ్యూజులు తప్పనిసరి.

అపోహ: సెన్సిటివిటీ ఎంత పెంచితే అంత సేఫ్

పెంచిన వారానికే ఓనరే వచ్చి తీసేయమంటాడు. అపార్ట్‌మెంట్‌లో రాత్రి రెండింటికి నాలుగుసార్లు మోగితే వాచ్‌మన్ దగ్గర్నుంచి పైఫ్లోర్ ఆంటీ దాకా అందరూ ఆ బండి గోలే అంటారు, అప్పుడు నిజంగా దొంగ వచ్చి మోగినా ఎవరూ కిటికీలోంచి తొంగి కూడా చూడరు. దీపావళి బాంబులకీ, వినాయక నిమజ్జనం డీజేకీ, పక్క నుంచి పోయే ఇసుక లారీకీ మోగకుండా, అరచేత్తో గ్లాస్ మీద గట్టిగా కొడితే మోగేలా సెట్ చెయ్యాలి. రెండు స్టేజీల షాక్ సెన్సార్లు ఉంటాయి, చిన్న తాకిడికి హెచ్చరిక, పెద్దదానికి ఫుల్ అలారం. కానీ కంపెనీ అలారానికి కలిపితే మామూలుగా రెండో స్టేజీ వైరు మాత్రమే వాడాలి, ఎందుకంటే బానెట్ లైనుకి చిన్న పెద్ద తేడా తెలీదు.

ఎక్కడ బిగించారన్నది కూడా సెన్సిటివిటీయే. స్టీరింగ్ కింద ఇనుప బ్రాకెట్‌కి బిగుతుగా కట్టాలి. డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్‌కి డబుల్ టేపుతో అంటించేసి పోతారు కొందరు, మన మే నెల ఎండకి ఆ జిగురు కారిపోయి సెన్సార్ వైర్లకి వేలాడుతుంది, ఇక అది దేన్ని పట్టుకుంటుంది చెప్పండి? ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ పక్కన అస్సలు వద్దు, పసుపు రంగు కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, ఆ లైను జోలికి పోవద్దు.

అపోహ: షాక్ సెన్సార్ ఉంటే గ్లాస్ పగలడం కూడా పట్టుకుంటుంది

ప్రతిసారీ పట్టుకోదు. పక్క అద్దాలు ఎక్కువ బళ్ళలో టెంపర్డ్ గ్లాస్, చిన్న గట్టి వస్తువు తగిలినా మొత్తం పొడి పొడి అయిపోద్ది, బాడీకి అదురు పెద్దగా రాదు. దానికి మైక్ ఉండే గ్లాస్ బ్రేక్ సెన్సార్ వేరే ఉంది, తాకినప్పటి బరువైన శబ్దం, వెంటనే గాజు పగిలే సన్న శబ్దం, రెండూ వింటేనే ట్రిగ్గర్ అవుతుంది. లోపల చెయ్యి కదలడం పట్టుకోవాలంటే అల్ట్రాసోనిక్ సెన్సార్, మనకి వినపడని శబ్దం వదిలి అది తిరిగొచ్చే తీరు చూస్తుంది. కానీ ఎండాకాలం గ్లాస్ వేలెడు దించి పార్క్ చేసే అలవాటుంటే ఇది పెట్టించకండి, గాలికే మోగుతుంది, అద్దానికి వేలాడే బొమ్మ ఊగినా మోగుతుంది. మైక్రోవేవ్ సెన్సార్ గాలికి మోగదు గానీ గాజులోంచి బయటికి కూడా చూస్తుంది, సన్న సందుల్లో పక్క నుంచి మనిషి నడిచినా పట్టేస్తుంది, తగ్గించి పెట్టుకోవాలి.

చక్రాల భయం ఉన్నవాళ్ళకి టిల్ట్ సెన్సార్. ఏటవాలులో పార్క్ చేస్తే పనిచెయ్యదు అంటారు, తప్పు. సెన్సార్ పని మొదలైనప్పుడు బండి ఎంత వాలుగా ఉందో అదే గుర్తుపెట్టుకుని, అక్కణ్ణుంచి మారితేనే మోగుతుంది. మెషీన్ పైకి లేపే స్టాక్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్ వాళ్ళకి మాత్రం ఇది గోలే.

అపోహ: ఎక్స్‌ట్రా సెన్సార్ పెడితే బ్యాటరీ డౌన్ అయిపోద్ది

లెక్క చూసుకుందాం. సెన్సార్ 10 మిల్లీ యాంప్స్ లాగుతుందనుకోండి, రోజుకి 0.24 యాంపియర్ అవర్, నెలకి ఏడు చిల్లర. చిన్న కారుకి 35 యాంపియర్ అవర్ బ్యాటరీ ఉంటే, రోజూ తిరిగే బండికి ఇది లెక్కలోకి రాదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరు నెలలు బండి షెడ్డులో పెట్టేవాళ్ళకి మాత్రం వస్తుంది, వాళ్ళు ఫ్యూజు తీసి వెళ్ళాలి. ఫిట్ చేశాక బండి మొత్తం నిద్రలోకి వెళ్ళాక లాగే కరెంటు కొలిపించుకోండి, 50 మిల్లీ యాంప్స్ దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టే.

అపోహ: ఇన్సూరెన్స్‌లో డిస్కౌంట్ వస్తుంది

ఏది పడితే అది పెడితే రాదు. పాత మోటార్ టారిఫ్‌లో (ఇన్సూరెన్స్ రేట్ల పట్టికలో) ఉండేది ఏఆర్ఏఐ అనే వాహనాల పరీక్షా సంస్థ అప్రూవ్ చేసిన యాంటీ థెఫ్ట్ పరికరానికి, అది కూడా ఆటోమొబైల్ అసోసియేషన్ సర్టిఫికెట్ ఉంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండి నష్టానికి కట్టే భాగంలో) 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు. విడి సెన్సార్ అందులోకి రాదు. వారంటీ సంగతీ అడుగుతారు, వైరు కోసి అతికిస్తే ఆ లైనులో ఏ సమస్య వచ్చినా షోరూమ్ వాళ్ళు చూపించేది ఆ అతుకునే. అందుకే కోయకుండా కప్లర్ దగ్గర ఇన్సులేషన్ కొంచెం తీసి, సోల్డర్ చేసి, క్లాత్ టేపు చుట్టించుకోండి.

అపోహ: ఇవన్నీ పెడితే బండి ఇక పోదు

ఇది మాత్రం మనసులోంచి తీసేయండి. మనం కలిపిన సెన్సార్ కళ్ళూ చెవులూ మాత్రమే, మెదడు కంపెనీ మాడ్యూలే. అది అన్‌లాక్ అయితే సెన్సార్ ఎంత మొత్తుకున్నా వినదు. కీలెస్ బళ్ళలో (తాళం జేబులో ఉంటే చాలు తెరుచుకునేవి) ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్‌ని బయటికి సాగదీసి లాక్ తీసేస్తే బండి దృష్టిలో ఓనరే వచ్చినట్టు. 2023లో ఇంగ్లండ్‌లో బయటపెట్టిన పద్ధతి ఇంకోటి, హెడ్‌లైట్ దగ్గర క్యాన్ వైర్లలోకి (బండిలో మాడ్యూల్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైన్లలోకి) దొంగ మెసేజ్‌లు పంపి ఒక టొయోటా రావ్4ని ఎత్తుకుపోయారు. ఆ భయం ఉంటే సెన్సార్‌కి పెట్టే డబ్బులు స్టీరింగ్ లాక్ రాడ్‌కీ, దాచిపెట్టిన జీపీఎస్‌కీ పెట్టండి. గ్లాస్ పగలడం, చక్రాలు పోవడం మీ భయం అయితే సెన్సార్లు పెట్టించుకోండి, ఫిట్ చేసినవాడు వెళ్ళకముందే బండి లాక్ చేసి ఐదు నిమిషాలు ఆగి, గ్లాస్ మీద అరచేత్తో కొట్టి ఒకసారి, బానెట్ లోపల్నుంచి తీసి ఒకసారి, రెండింటికీ మోగుతుందో లేదో అతని ఎదురుగానే చూసుకోండి.