పుచ్చగింజ మింగితే కడుపులో పాదు మొలుస్తుందా?

చిట్టికీ, బన్నీకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిట్టి అడిగిన ప్రశ్నకి నవ్వేసి ఊరుకున్నాను. తప్పు నాదే. "మా క్లాసులో నైజీరియా అమ్మాయి బాక్సులో పుచ్చగింజల కూర తెచ్చుకుంది తాతయ్యా, కడుపులో పాదు మొలవదా?" అని కదూ అడిగావు!

నీ వయసులో నాకూ ఆ భయం ఉండేది. ఎండాకాలం కృష్ణ ఇసుకలో పుచ్చపాదులు వేసేవాళ్ళు. ఒకసారి హడావిడిలో రెండు గింజలు మింగేశాను. "రేపు చెవుల్లోంచి తీగలొస్తాయిరా" అన్నాడు అన్నయ్య. రాత్రంతా చెవులు తడుముకుంటూ పడుకున్నాను. పొద్దున్నే నాయనమ్మ ఏం మాట్లాడకుండా ఆముదం పట్టించింది. తీగల కంటే అదే ఘోరం.

మొలవదమ్మా. మింగిన గింజ తన దారిన తను బయటికి పోతుంది. ఆ అమ్మాయి కూరలో అయితే గింజని ఒలిచి, దంచి, ఉడికించేశారు కూడాను.

దాని పేరు ఎగుసి. నైజీరియాలో యోరుబా వాళ్ళ మాట అది, ఘానాలో అగుషి అంటారు. కాయ మన పుచ్చకాయకి చెల్లెలి వరస, పైకి అలాగే ఉంటుంది. కోస్తే మాత్రం ఎర్రగా ఉండదు. తెల్లటి గట్టి కండ, చాలావాటికి నోట్లో పెట్టలేనంత చేదు. చేదు దోసకాయ ఎప్పుడైనా కొరికావా? ఆ బాపతు. అందుకని అక్కడి రైతులు గింజ కోసమే పండిస్తారు. పెండలం, మొక్కజొన్న చేలల్లో అంతరపంటగా వేస్తే తీగ నేలంతా కప్పేసి కలుపుని లేవనివ్వదు. కాయల్ని పగలగొట్టి కొన్ని రోజులు కుప్పగా వదిలేస్తే కండ కుళ్ళిపోతుంది. ఆ కంపులోంచి గింజలు ఏరి, కడిగి, ఎండబెట్టి, ఒక్కొక్కటీ గోళ్ళతో ఒలుస్తారు. ఇప్పుడు మిషన్లు వచ్చాయి గానీ, చేత్తో ఒలిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాయనమ్మ చాటలో ఎండబెట్టిన దోసగింజలు దొంగతనంగా ఒలుచుకుని తిన్నవాణ్ణి, గుప్పెడు పప్పుకి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. ఈసారి ఆ బాక్సు చూసి ముక్కు మూసుకోకండి.

ఇంత కష్టం ఎందుకూ అంటే, గింజ అనేది తల్లి కట్టిచ్చిన చద్దిమూట. పిల్లమొక్క ఎక్కడ పడుతుందో, వాన ఎప్పుడొస్తుందో తెలీదు. ఆకు విప్పుకుని ఎండలో సొంతంగా వండుకునేదాకా మూటలో ఉన్నదే తిండి. అందుకే తక్కువ చోట్లో ఎక్కువ బలం పట్టేది కట్టింది, అంటే నూనె. ఎగుసి పప్పు 100 గ్రాముల్లో సగానికి సగం అదే. ఇంకో 25, 30 గ్రాములు మాంసకృత్తులు, ఒళ్ళు కట్టుకోడానికి. మన వేరుశనగపప్పు లెక్కా దాదాపు ఇంతే. మెగ్నీషియం, జింకు లాంటివి నంజుకోడానికి పెట్టిన ఊరగాయ ముక్క. పై పెంకు మూటగుడ్డ. మరి ముడి ఎక్కడుంది తాతయ్యా అంటాడు బన్నీ. మొన దగ్గర అనుకో నాయనా, మొలక అక్కడినుంచే విప్పుకుని బయటికొస్తుంది. ఇంకా లాగితే నా మూట చిరిగేలా ఉంది. ఒక్కటి మాత్రం నిజం, మనం ఎవరి పిల్లకో కట్టిన చద్దిని లాక్కుని తింటున్నాం.

వండటం ఎలాగంటే, ఎర్రటి పామాయిల్లో ఉల్లిపాయ, మిరపకాయల ముద్ద వేయించి, మాంసమో ఎండుచేపలో ఉడికిన నీళ్ళు పోసి, గింజల పిండిని తడిపి చెంచాతో ముద్దలుగా వదులుతారు. వేడికి అందులోని మాంసకృత్తులు గుడ్డులాగా గట్టిపడతాయి. అమ్మమ్మ చేసే గోరుచిక్కుడు పాటోళి గుర్తుందా? ఆ పప్పు పొడుల్ని పులుసులో ఊహించుకోండి. ఆఖర్న ఆకుకూర వేస్తారు. దంచిన పెండలం ముద్దని చేత్తో తుంచి, అందులో ముంచి తింటారు, మన రాయలసీమలో సంగటి తిన్నట్టు. నూనె పిండేశాక మిగిలిన పిండినీ పారెయ్యరు, ఉండలు చేసి కరకరలాడేలా వేయిస్తారు. దాని పేరు రోబో! నిజంగానే. నువ్వులనూనె తీశాక మిగిలిన తెలగపిండితో మనం కూర చేసుకోమూ? అలాగే.

ఆ అమ్మాయినడిగి రోబో ఎలా ఉంటుందో కనుక్కో చిట్టీ. ఈలోగా ఇంట్లో పుచ్చకాయ కోసినప్పుడు రెండు నల్లగింజలు కడిగి, వారం రోజులు ఆరబెట్టండి. ఒకదాని పప్పుని తెల్ల కాగితం మీద గట్టిగా నలిపి, కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకోండి. రెండోదాన్ని కాసేపు నీళ్ళలో నానబెట్టి, ఒలిచి, రెండు బద్దలుగా విడదీసి మొనవైపు చూడండి. ఆవగింజ కంటే చిన్నగా ఒకటి నక్కి ఉంటుంది. భూతద్దం ముందు బన్నీకివ్వు, వాడు చిన్నవాడు. ఏం కనబడిందో ఆదివారం ఫోన్లో చెప్పాలి.

మీ తాతయ్య