నలుపు, ఊదా, తెలుపు: అంత్యక్రియల పూజలో మూడు రంగుల వెనక కథ

కథోలిక దేవాలయంలో అంత్యక్రియల పూజ చేసే గురువు (ఫాదర్) ఏ రంగు వస్త్రం వేసుకోవాలి? కొందరు నలుపే తగినదంటారు. ఏడవాల్సిన చోట తెలుపు వేస్తే పండగ చేసుకుంటున్నట్టు ఉంటుందని వాళ్ల బాధ. ఉత్థానాన్ని, అంటే చనిపోయినవాళ్లు తిరిగి లేస్తారని, నమ్మేవాళ్లకి నలుపెందుకని ఇంకొందరు అడుగుతారు. సంప్రదాయం తమవైపే ఉందని ఇరువర్గాలూ నమ్ముతాయి. చరిత్ర చూస్తే రెండు మాటలకీ ఆధారం దొరుకుతుంది.

మొదటి శతాబ్దాల్లో పూజకంటూ రంగులు లేవు సరికదా, ప్రత్యేకమైన బట్టలే లేవు. ఇప్పుడు గురువు అన్నిటికంటే పైన వేసుకునే పెద్ద వస్త్రం నిజానికి రోమన్లు బయటికెళ్లేటప్పుడు, ప్రయాణాల్లో కప్పుకున్న పైబట్ట. మధ్యలో తల పట్టేంత కంత, చుట్టూ కిందికి వేలాడే గుడ్డ, అంతే. లాటిన్‌లో దానికి ‘కాసుల’ అనే పేరు వచ్చింది. చిన్న ఇల్లు అని అర్థం. లోపలికి దూరితే మనిషి మొత్తం అందులో ఇమిడిపోయేవాడు మరి. 428లో పోపు మొదటి సెలెస్టీన్ గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) ప్రాంతపు మేత్రాణులకు, అంటే బిషప్పులకు, ఉత్తరం రాస్తూ, జనం మనల్ని గుర్తుపట్టాల్సింది బోధను బట్టి, బట్టల్ని బట్టి కాదని మందలించాడు. తర్వాత కాలంలో బయట వేషధారణ మారిపోయింది, బలిపీఠం దగ్గర మాత్రం పాత బట్ట నిలిచిపోయింది.

ఆ రోజుల్లో అర్థం బలంగా ఉన్న రంగు ఒకటుంది, అది తెలుపు. ఈస్టర్ రాత్రి జ్ఞానస్నానం (బాప్టిజం) పొందినవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని, ఆ వారమంతా వాటితోనే ఉండేవాళ్లు. తర్వాతి ఆదివారానికి లాటిన్‌లో ఉన్న పాత పేరులో ఆ తెల్లబట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి.

రంగులకి ఒక వరస ఏర్పడింది 12వ శతాబ్దం చివర్లో. లొతారియో అనే కార్డినల్ పూజ గురించి ఒక గ్రంథం రాసి, రోము దేవాలయంలో వాడే నాలుగు ముఖ్యమైన రంగుల్ని అందులో వివరించాడు: తెలుపు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. 1198లో ఆయనే మూడో ఇన్నోసెంట్ పేరుతో పోపు అయ్యాడు కాబట్టి ఆ పుస్తకానికి విలువ పెరిగింది. పండగలకి తెలుపు. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల రక్తానికీ, పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు పండగ అగ్నికీ ఎరుపు. మామూలు రోజులకి ఆకుపచ్చ, ఎందుకంటే అది మిగతా రంగులకి మధ్యస్థంగా ఉంటుందని ఆయన లెక్క. మృతులకీ, క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలానికీ, ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలానికీ నలుపు. ఊదాని ఆయన వేరే రంగుగా లెక్కపెట్టలేదు, నలుపు కిందే చేర్చాడు. ఈరోజు తపస్సు కాలంలో కనిపించే ఊదా, అంత్యక్రియల నలుపు ఒక ఇంటి బిడ్డలేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు పాతకాలంలో ఊదా అంటే పశ్చాత్తాపం గుర్తొచ్చేది కాదు, చక్రవర్తి గుర్తొచ్చేవాడు. మధ్యధరా సముద్రపు మ్యూరెక్స్ నత్తల నుంచి తీసిన రంగు అది. 1909లో ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలు తీసుకుంటే చేతికొచ్చిన శుద్ధమైన రంగు 1.4 గ్రాములు. అంత ఖరీదైన రాజసం దేవాలయంలో పశ్చాత్తాపానికి గుర్తుగా స్థిరపడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పాపసంకీర్తనం (విశ్వాసులు తమ పాపాల్ని ఒప్పుకోవడం) వినేటప్పుడు గురువు మెడలో వేసుకునే సన్నటి పట్టీది కూడా ఆ రంగే.

కథోలిక మేత్రాణుల ట్రెంట్ మహాసభ తర్వాత 1570లో పోపు ఐదో పయస్ వెలువరించిన పూజా గ్రంథం తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, నలుపులకి స్థానాలు ఖాయం చేసింది. గులాబీ రంగు ఏడాదికి రెండే ఆదివారాలు, ఆగమన కాలంలో మూడోది, తపస్సు కాలంలో నాలుగోది. నిరీక్షణ మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకునే రోజులవి.

ఆ తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్లు మృతుల పూజ అంటే నలుపే. నల్లటి పట్టు మీద వెండి జరీ అంచులు, ఉగ్రతదినాన్ని, అంటే చివరి తీర్పు రోజుని, తలుచుకునే లాటిన్ గీతం. గుడ్ ఫ్రైడే రోజున కూడా గురువు నల్లటి వస్త్రంతోనే బలిపీఠం ముందు సాష్టాంగపడేవాడు.

మార్పుకి పునాది పడింది కథోలిక మేత్రాణులు కూడిన రెండో వాటికన్ మహాసభలో. దైవార్చన మీద 1963 డిసెంబర్ 4న వెలువడిన పత్రంలో 81వ అంశం చాలా చిన్నది. క్రైస్తవుడి మరణంలో ఉన్న పాస్క స్వభావం, అంటే క్రీస్తుతో పాటు మరణం నుంచి జీవంలోకి దాటడం, అంత్యక్రియల్లో ఇంకా స్పష్టంగా కనిపించాలనీ, ఆచారాలు ఆయా ప్రాంతాల సంప్రదాయాలకి దగ్గరగా ఉండాలనీ చెప్పి, రంగు విషయంలోనూ ఇంతేనని ముగించింది. ఆ చివరి మాటే తలుపు తెరిచింది. ఎందుకంటే దుఃఖం రంగు అన్నిచోట్లా నలుపు కాదు. చైనాలో తరతరాలుగా అది తెలుపు. 1969లో కొత్త అంత్యక్రియల క్రమం వచ్చింది. ఆ సంస్కరణల్లోనే ఉగ్రతదినపు గీతం అంత్యక్రియల పూజలోంచి తప్పుకుంది, గుడ్ ఫ్రైడే ఎరుపుకి మారింది.

ఇప్పటి నియమం ప్రకారం మృతుల పూజకి ఊదా వేసుకోవచ్చు. వాడుక ఉన్నచోట నలుపూ వేసుకోవచ్చు. దేశాల మేత్రాణుల సమాఖ్యలు తమ ప్రజలకి తగిన మార్పుల్ని రోముకి ప్రతిపాదించవచ్చు. అమెరికాలో తెలుపుకి కూడా అనుమతి వచ్చింది ఇలాగే. పోపు అంత్యక్రియలకి మాత్రం ఎరుపు. 2005లో రెండో జాన్ పాల్, 2023లో పదహారో బెనెడిక్ట్, 2025లో ఫ్రాన్సిస్ ఎర్రటి పూజావస్త్రాల్లోనే కనిపించారు.

నలుపు నిషేధమైందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అది కనుమరుగు కాకూడదనే నా కోరిక కూడా. అయినవాళ్లు పోయినప్పుడు మనసారా ఏడవడానికి దేవాలయంలో చోటుండాలి. అలాగని తెలుపుని కొత్త ఫ్యాషన్ అనడం కూడా అన్యాయం. చాలాచోట్ల శవపేటిక దేవాలయ ద్వారం దగ్గరికి రాగానే గురువు దానిమీద పవిత్ర జలం చల్లుతాడు, దాన్ని పొడవాటి తెల్లని వస్త్రంతో కప్పుతారు. చనిపోయిన మనిషి జ్ఞానస్నానం నాడు వేసుకున్న తెల్లబట్టకి అది గుర్తు.