కొబోరో స్టేషన్: రైలు ఆగాలంటే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

జపాన్ ఉత్తరాన హొక్కాయిదో దీవిలో, మురొరాన్ మెయిన్ లైన్ మీద, రెండు సొరంగాల నడుమ వంద మీటర్లు కూడా లేని ఖాళీలో ఉంటుంది కొబోరో. వెనక కొండ, ముందు సముద్రం. రోడ్డు లేదు, స్టేషన్ భవనం లేదు, సిబ్బంది లేరు, దగ్గర్లో ఒక్క ఇల్లూ లేదు.

అసలు దీన్ని ప్రయాణికుల కోసం కట్టలేదు. 1943లో, యుద్ధం రోజుల్లో, సింగిల్ లైన్ మీద రద్దీ పెరగడంతో రైళ్ల క్రాసింగ్ కోసం ఇక్కడొక సిగ్నల్ పోస్టు పెట్టారు. ఉన్న కాస్త ఖాళీ చాలక లూప్ లైన్‌ను (ఒక రైలు పక్కకు తప్పుకుని ఆగే పట్టాలను) సొరంగంలోకీ పొడిగించాల్సి వచ్చింది. డబుల్ లైన్ పడ్డాక క్రాసింగ్ అవసరమే పోయింది. అయినా 1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను విడగొట్టి ప్రైవేటు కంపెనీలుగా మార్చిన రోజున, కొబోరో కాగితాల మీద పూర్తిస్థాయి స్టేషనైంది.

చిక్కంతా ఆ విభజనలోనే ఉంది. అప్పటికి జాతీయ రైల్వే అప్పు 37 లక్షల కోట్ల యెన్లు. జనం పలచగా, మంచు దట్టంగా ఉండే హొక్కాయిదోలో రైళ్లు నడిపే కొత్త కంపెనీకి, అంటే జేఆర్ హొక్కాయిదోకు, నష్టాలు తప్పవని ముందే తెలుసు. అందుకే 68,220 కోట్ల యెన్ల నిధి ఇచ్చి, దాని వడ్డీతో నష్టం పూడ్చుకోమన్నారు. 1990లలో వడ్డీ రేట్లు కుప్పకూలాయి, లెక్క తలకిందులైంది.

మనిషి లేని స్టేషన్‌లో టికెట్ సంగతేమిటి? మన హాల్ట్‌లలోలా (చిన్న స్టేషన్లలోలా) టికెట్లు అమ్మే కమీషన్ ఏజెంటు కూడా ఉండడు. పని మొత్తం డ్రైవర్‌దే. వెనక తలుపు నుంచి ఎక్కి, మిషన్‌లోంచి నంబరు చీటీ తీసుకోవాలి. డ్రైవర్ తలపై ఉన్న బోర్డులో ఆ నంబరు కింద ఛార్జీ కనబడుతుంది. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర చీటీ, సరిపడా చిల్లర కలిపి డబ్బాలో వేయాలి. కొత్తవాళ్లు తడబడేది రెండు చోట్ల: దిగడానికి వెనక తలుపు దగ్గర నిలబడటం, పదివేల యెన్ల నోటు తీయడం. వెయ్యి నోటైతే పక్కనే ఉన్న మిషన్‌లో ముందుగా చిల్లర చేసుకోవచ్చు.

ఇంత పొదుపు చేసినా ఖర్చు మిగిలే ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద మంచు ఎత్తాలి, దీపాలు చూడాలి, చెడిన చోట మరమ్మతు చేయాలి. రోడ్డు లేదు కనక పనివాళ్లు, పారలు కూడా రైల్లోనే రావాలి. పట్టాల మీద రద్దీకేం కొదవలేదు. సప్పొరో వైపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ ఆగకుండా దూసుకుపోయే ప్రధాన మార్గమిది, దిగినవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి. అంటే లైనుకు ఢోకా లేదు, బరువల్లా ఈ ఒక్క హాల్ట్‌దే.

2015లో కంపెనీ మూసేస్తామంది. ‘దారే లేని స్టేషన్’ చూడ్డానికి వచ్చేవాళ్లను పోగొట్టుకోవడం ఇష్టంలేక, కొబోరో తన పరిధిలో ఉన్న తొయొఉరా పట్టణం అడ్డుపడింది. 2016 నుంచి నిర్వహణ ఖర్చు తనే భరిస్తోంది. ఇదే పద్ధతి తర్వాత మిగతా చోట్లకూ పాకింది. 2021 మార్చిలో హొక్కాయిదోలో 18 స్టేషన్లు మూతపడ్డాయి, మరికొన్నిటి భారాన్ని స్థానిక పాలక సంస్థలు నెత్తికెత్తుకున్నాయి. కొబోరో ఒప్పందం మాత్రం శాశ్వతం కాదు, ఏటా పొడిగించుకోవాల్సిందే.