తోటమట్టిలోని తెల్లని దారాలు

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

మొక్క మొదట్లో ఎండుటాకులను తొలగించినప్పుడు తెల్లని దారాలు కనిపిస్తే, తెగులు సోకిందని కంగారుపడి వెంటనే మందు పోయవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. అవి శిలీంధ్రాల (బూజు, పుట్టగొడుగుల వర్గపు జీవుల) తంతువులు. తోటమట్టిలో ఉండే శిలీంధ్రాలలో అధికభాగం మొక్కకు హాని చేయవు.

శిలీంధ్రాలు మొక్కలూ కావు, జంతువులూ కావు. వాటికి పత్రహరితం లేదు. వాటి కణాల గోడల్లో ఉండేది కీటకాల పైపెంకులో ఉండే కైటిన్ అనే పదార్థం. 1969లో రాబర్ట్ విట్టేకర్ అనే జీవశాస్త్రవేత్త జీవులను ఐదు రాజ్యాలుగా, అంటే ఐదు పెద్ద వర్గాలుగా, విభజించినప్పుడు వీటికి ఒక ప్రత్యేక రాజ్యాన్నే కేటాయించాడు. పుట్టగొడుగు అనేది శిలీంధ్రం తన సిద్ధబీజాలను (విత్తనాల్లా పనిచేసే సూక్ష్మకణాలను) వెదజల్లడానికి పైకి పంపిన భాగం మాత్రమే కనుక, దానిని పెరికివేసినా శిలీంధ్రపు అసలు శరీరం మట్టిలోనే ఉంటుంది.

తోటలో చాలాకాలంగా నానుతున్న ఒక చెక్కముక్కను తీసి చూడండి. అది తెల్లబారి, వేళ్లతో నొక్కగానే పీచుపీచుగా విడిపోతుంటే, చెక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను శిలీంధ్రం విడగొట్టిందని అర్థం. లిగ్నిన్‌ను అంత పూర్తిగా జీర్ణించుకోగల జీవులు చాలా అరుదు.

ఇంతకంటే నన్ను ఆశ్చర్యపరిచేది మొక్కల వేర్లతో శిలీంధ్రాలకున్న పొత్తు. దీనికి మైకోరైజా అని 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫ్రాంక్ పేరు పెట్టాడు. మొక్కకు కావలసిన పోషకమైన భాస్వరం మట్టిలో దాదాపు కదలదు కాబట్టి, తన చుట్టూ ఉన్నది అయిపోగానే వేరుకు కొరత ఏర్పడుతుంది. అప్పుడు వేరు చొరలేని సందుల్లోకి కూడా ఈ సన్నని తంతువులు వెళ్లి భాస్వరాన్ని తెచ్చి ఇస్తాయి, అందుకు ప్రతిగా మొక్క నుంచి చక్కెరలను, కొవ్వులను పొందుతాయి. నేలను పదేపదే తిరగతవ్వితే ఆ తంతువులు తెగిపోతాయి; భాస్వరం ఎరువు అతిగా వేస్తే మొక్కే ఈ పొత్తును తగ్గించుకుంటుంది. క్యాబేజీ, ముల్లంగి, ఆవ, పాలకూర మొక్కలు మాత్రం సాధారణంగా ఈ పొత్తు పెట్టుకోవు కాబట్టి, వాటికి మైకోరైజా పొడి (ఈ శిలీంధ్రాలున్న పొడి) కొని వేయడం వృథా.

హాని చేసేవీ లేకపోలేదు. ఆకుల మీద తెల్లని పొడిలా కనిపించేది బూడిద తెగులు. నారుమడిలో మొలక కాండం సరిగ్గా మట్టికి ఆనిన చోట మెత్తబడి, సన్నబడి, ఒరిగిపోతే అది నారుకుళ్లు తెగులు. దాని కారకాలలో రైజోక్టోనియా అనే శిలీంధ్రం ఒకటి. విత్తనాలను పలచగా చల్లి, మడిలో నీరు నిలవకుండా చూడటమే దీనికి మొదటి జాగ్రత్త. ట్రైకోడెర్మా అనే మరో శిలీంధ్రం ఈ రైజోక్టోనియా తంతువులను చుట్టుకొని, వాటి గోడలను కరిగించి తినేస్తుంది. శిలీంధ్రనాశిని మందును మడి అంతటా పోస్తే, ఆ కాపలాదారు కూడా చనిపోవచ్చు.

తోటలో మొలిచిన పుట్టగొడుగులను చూడండి, బొమ్మలు గీసుకోండి. ఎంత అందంగా ఉన్నా నోట్లో మాత్రం పెట్టుకోకండి, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

ఇట్లు,
మీ తాతయ్య