వాడని హీటర్‌కీ వేడి కూలెంట్ వెళ్తూనే ఉంటుంది: హోస్ పైపుల మీద అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరాక మా షెడ్డుకు తాడు కట్టి లాక్కొచ్చే కార్లలో కొన్నింటికి ఒకటే జబ్బు: కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పైపు పగలడం. బానెట్ ఎత్తి చూపించగానే ఓనరు అనే మాట కూడా దాదాపు ఒకటే: "మొన్ననే చూశానన్నా, బాగానే ఉంది కదా!"

అపోహ: హీటర్ మనం వాడం, దాని పైపులతో పనేంటి?

చలికాలంలో లంబసింగికో అరకుకో వెళ్తే తప్ప మనవాళ్లు హీటర్ జోలికి పోరు, నిజమే. కానీ చాలా కార్లలో మీరు తిప్పే ఎరుపు-నీలం నాబ్ గాలి దారిలో ఉన్న చిన్న తలుపును మాత్రమే కదుపుతుంది. వేడి కూలెంట్ డ్యాష్‌బోర్డు వెనక ఉన్న హీటర్ కోర్‌లోకి (చిన్న రేడియేటర్ లాంటిది) ఎప్పుడూ వెళ్లి వస్తూనే ఉంటుంది. రేడియేటర్ మూత చాలా కార్లలో 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడిని ఆపుతుంది, అంటే టైరులో ఉండే గాలి ఒత్తిడిలో దాదాపు సగం. ఆ ఒత్తిడి రేడియేటర్ పెద్ద పైపు మీద ఎంతో హీటర్ పైపు మీదా అంతే.

హీటర్‌కు వెళ్లే, వచ్చే ఈ రెండు పైపులూ ఇంజిన్ వెనక, చెయ్యి దూరని చోట ఉంటాయి. అందుకే ముందున్న పెద్ద పైపులు మార్చి వీటిని వదిలేస్తుంటారు. చిన్న పైపు పగిలినా కారేది అదే కూలెంట్, కాలేది అదే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైన హెడ్డుకూ మధ్య ఉండే సీలు).

అపోహ: పైన పగుళ్లు లేకపోతే పైపు మంచిదే.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇప్పటి కూలెంట్ పైపులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. ఎండకూ వేడికీ బాగా ఆగే రబ్బరు కాబట్టి బయట నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల మాత్రం ఇంజిన్ లోహం, కూలెంట్, రబ్బరు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ సన్నటి కరెంటు వల్ల రబ్బరులో నిలువునా చీలికలు పడతాయి. వాటిగుండా కూలెంట్ లోపలి దారాల అల్లిక దాకా చేరి దాన్ని బలహీనం చేస్తుంది. ఇది ఎక్కువగా క్లిప్పుల దగ్గర, పైపు చివర్లలో జరుగుతుంది.

కాబట్టి కళ్లతో కాదు, వేళ్లతో చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, క్లిప్పు పక్కన బొటనవేలు, చూపుడువేలు పెట్టి నొక్కండి. తర్వాత పైపు మధ్యలో నొక్కండి. చివర మెత్తగా ఉన్నా, లోపల చీలిక వేలికి తగిలినా ఆ పైపు పని అయిపోయింది. ఆయిల్ కారి తడిసిన పైపైతే ఉబ్బి స్పాంజిలా ఉంటుంది, దాన్నీ మార్చాల్సిందే. ఐదేళ్లు దాటిన బండికి నేను ప్రతి సర్వీసులో ఇలా నొక్కి చూస్తాను.

అపోహ: కారుతుంటే క్లిప్పు ఇంకో రెండు చుట్లు బిగిస్తే సరి.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే బిగించి ఒక రేడియేటర్ ప్లాస్టిక్ గొట్టాన్ని పుటుక్కున విరిచాను. పైపుతో పోయేది రేడియేటర్ దాకా వచ్చింది. ఆ నెల జీతం సంగతి అడక్కండి. స్క్రూ క్లిప్పు అతిగా బిగిస్తే రబ్బరును కోస్తుంది కూడా. కంపెనీ స్ప్రింగ్ క్లిప్పు రబ్బరు ఉబ్బినా కుంచించుకున్నా పట్టు సర్దుకుంటుంది. లూజుగా కనిపిస్తోందని దాన్ని పారేయకండి.

అపోహ: పాత పైపు తిప్పి లాగాలి, కొత్తదానికి గ్రీజు రాయాలి.

రెండూ తప్పే. హీటర్ కోర్ గొట్టాలు పలచన, మెలి తిప్పితే ఊడొస్తాయి. పాత పైపును బ్లేడుతో నిలువునా కోసి ఒలవండి. గ్రీజు ఈపీడీఎంను ఉబ్బిస్తుంది. కొత్త పైపు చివర కాస్త కూలెంట్ రాస్తే చాలు, జారుతూ ఎక్కుతుంది.

అపోహ: కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసినా ఒకటే.

కాదు. బోరు నీళ్ల ఉప్పు లోపల పేరుకుంటుంది, లోహానికి తుప్పు పడుతుంది.

అపోహ: మీటర్ ముల్లు లేవలేదు, ఇంజిన్ వేడెక్కనట్టే.

కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ తడి లేక గాలిలో ఉండిపోతుంది, ముల్లు సరైన లెక్క చూపకపోవచ్చు. ఆవిరి కనిపించినా, తియ్యటి వాసన వచ్చినా వెంటనే పక్కకు ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు.

పైపులు మార్చాక కూలెంట్ దారిలో చిక్కుకున్న గాలి తీయడం మరవకండి. గాలి తీసే ఆ పది నిమిషాలు మాత్రం, మే నెలైనా సరే, హీటర్ నాబ్ పూర్తి ఎరుపులో పెట్టండి. హీటర్ పైపులో వాల్వు ఉన్న కార్లలో అలా పెడితేనే కోర్‌లోకి దారి తెరుచుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా చల్లగాలే వస్తోందంటే లోపల ఇంకా గాలి ఉందని అర్థం. తీసిన పాత కూలెంట్‌ను కాలువలో పోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. మా షెడ్డులో మూత ఉన్న డబ్బాలోకే పడుతుంది.