గొప్ప శబ్దము: బైబిల్లో బిగ్గర స్వరం గురించి అపోహలు, వాస్తవాలు

గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోయిన ఒక సహోదరి ఓ ఆదివారం ఆరాధన ముగిశాక నా చేతిలో చీటీ పెట్టింది. "అయ్యగారూ, అందరూ ఎలుగెత్తి మొర పెడుతుంటే నేను ఉత్త పెదవులు కదుపుతూ కూర్చుంటున్నాను. నా ప్రార్థన పైకి పోతుందా?"

ఆ ప్రశ్న ఆమెకు ఊరికే పుట్టలేదు. మనం నేర్పితేనే పుట్టింది. ఇరవై ఏళ్లకు పైగా సంఘ కాపరిగా (పాస్టరుగా) ఉన్నాను, కొత్త కాపరులకు హెబ్రీ, గ్రీకు పాఠాలు కూడా చెబుతాను. అయినా "ఇంకా గట్టిగా! పరలోకానికి వినబడాలి!" అని మైకులో నేనూ అన్నవాణ్ణే. ఆ చీటీ చదివాక మళ్లీ అనలేకపోయాను. శబ్దం గురించి వాక్యం ఏమంటుందో మొదటి నుంచి వెతుక్కుంటూ వచ్చాను. సంఘాల్లో నేను తరచూ వినే మాటలను వాక్యం పక్కన పెట్టి చూస్తే ఇలా ఉంది.

అపోహ: గట్టిగా ప్రార్థిస్తే దేవుడు త్వరగా వింటాడు.

వాస్తవం: ఆ సహోదరికి నేను మొదట తెరిచి చూపించింది 1 సమూయేలు 1:13. బిడ్డ కోసం ప్రార్థిస్తూ హన్నా "తన మనస్సులోనే చెప్పుకొనుచుండెను". పెదవులు కదిలాయి, స్వరం వినబడలేదు. పక్కనే కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. మందిరపు యాజకుడికే అర్థం కాని ప్రార్థన దేవునికి అర్థమైంది, సమూయేలు పుట్టాడు.

కర్మెలు కొండ మీద జరిగింది దీనికి ఎదురు (1 రాజులు 18). బయలు అనే దేవత ప్రవక్తలు 450 మంది పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పిలిచారు. "పెద్ద కేకలు వేయుడి" అని యెహోవా ప్రవక్త ఏలీయా ఎగతాళి చేస్తే నిజంగానే గొంతు పెంచారు, కత్తులతో ఒళ్లు కోసుకున్నారు. 29వ వచనంలో హెబ్రీలో ఉన్నది చిన్న మాట: కోల్ లేదు. కోల్ అంటే స్వరం, శబ్దం. రోజంతా వాళ్లు స్వరమెత్తితే అటునుంచి ఒక్క స్వరం రాలేదు. తర్వాత ఏలీయా చేసిన ప్రార్థన మొత్తం రెండే వచనాలు. అతను గొంతు పెంచాడని అక్కడ రాసి లేదు.

అలాగని నెమ్మదిగా ప్రార్థించే సంఘాలవాళ్లు దీన్ని పట్టుకుని ఎవరి నోరూ నొక్కకూడదు. మత్తయి 6:7ను బిగ్గరగా ప్రార్థించేవాళ్ల మీద విసురుతుంటారు గానీ, అక్కడ ప్రభువు వద్దన్నది మాటలు విస్తరించడం. గొంతు స్థాయి గురించి ఆయన ఏమీ అనలేదు. ఆయనే శరీరధారియై ఉన్న దినాల్లో "మహా రోదనముతోను కన్నీళ్లతోను" ప్రార్థించాడని హెబ్రీయులకు 5:7 చెబుతోంది. యెరికో దారి పక్కన గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తే ఊరుకోమని గద్దించింది చుట్టూ ఉన్న జనం. యేసు ఆగి, అతన్ని పిలవమన్నాడు. నొప్పితో వచ్చే కేకను ఆపే హక్కు కాపరికి కూడా లేదని నా నమ్మకం.

అపోహ: "గొప్ప శబ్దము" అని ఉన్నచోటల్లా దేవుని శక్తి దిగివచ్చినట్టే.

వాస్తవం: ఈ ఒక్క మాట దగ్గర నాకు నెలలు పట్టాయి. గ్రీకులో ఫోనే మెగాలే, అంటే పెద్ద స్వరం. లూకా సువార్త, అపొస్తలుల కార్యములు రెండూ లూకా రాసినవే. ఈ మాట ఆయన ఎవరెవరి నోట పెట్టాడో వరసగా చూడండి.

కపెర్నహూము సమాజమందిరంలో దయ్యం పట్టినవాడు కేక వేసింది ఈ స్వరంతోనే. బాగుపడిన కుష్ఠరోగుల్లో వెనక్కి తిరిగి వచ్చిన ఒక్క సమరయుడు దేవుణ్ణి మహిమపరిచింది ఈ స్వరంతోనే. యేసును సిలువ వేయమని పిలాతు ముందు జనం అరిచిందీ పెద్ద స్వరాలతోనే. అక్కడ లూకా రాసిన మాట చదివినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టవుతుంది: "వారి కేకలే గెలిచెను" (23:23). అదే అధ్యాయంలో 46వ వచనానికి వస్తే, తండ్రి చేతికి తన ఆత్మను అప్పగించుకుంటూ యేసు వేసిన కేక కూడా ఫోనే మెగాలేనే.

ఇక యేసును ప్రకటించినందుకు రాళ్లతో చంపబడిన స్తెఫను. అపొస్తలుల కార్యములు 7:57లో రాళ్లు రువ్వబోయే గుంపు "పెద్ద కేకలు వేసి" చెవులు మూసుకుంది. 60వ వచనంలో స్తెఫను మోకాళ్లూని, ఈ పాపం వారి మీద మోపవద్దని "గొప్ప శబ్దముతో" పలికాడు. తెలుగులో రెండు రకాలుగా ఉంది కాబట్టి మనకు తట్టదు. గ్రీకులో రెండుచోట్లా క్రియ ఒకటే, స్వరం ఒకటే. చంపేవాళ్లు అరిచినంత గట్టిగానే చచ్చిపోతున్నవాడు వాళ్ల కోసం అరిచాడు. శబ్దం మట్టం చూసి ఎవరు దేవుని పక్షమో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. చెప్పలేకుండా ఉండాలనే లూకా ఒకే మాట వాడాడని నేను అనుకుంటాను.

మరి ఎలా పోల్చుకోవాలి? ఆ కేక ఎవరి కోసం అని అడగాలి. ఫిలిప్పీ చెరసాల తలుపులు తెరుచుకున్న రాత్రి అధికారి కత్తి దూసి తనను తాను చంపుకోబోతే, "నీవు ఏ హానియు చేసికొనవద్దు" అని పౌలు అరిచాడు. అది ఫోనే మెగాలే. చీకట్లో అవతలి మనిషి ప్రాణం నిలబడాలి కాబట్టి అరిచాడు. లాజరు సమాధి దగ్గరా ఇదే మాట (యోహాను 11:43). అక్కడ ప్రభువు తండ్రితో మాట్లాడినప్పుడు గొంతు పెంచినట్టు లేదు, "నీవు ఎల్లప్పుడును నా మనవి" వింటావని మామూలుగానే అన్నాడు. బిగ్గరగా పిలిచింది చనిపోయినవాణ్ణి.

ఎఫెసులో కూడా కేకలున్నాయి. రెండు గంటలసేపు ఒకే నినాదం. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఎందుకొచ్చామో తెలియదని అపొస్తలుల కార్యములు 19:32 చెబుతోంది.

అపోహ: దేవుడు మెల్లని స్వరంతోనే మాట్లాడతాడు, పెద్ద శబ్దం శరీర సంబంధమైనది.

వాస్తవం: దీనికి ఆధారంగా చూపేది 1 రాజులు 19:12, "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము". హెబ్రీలో మూడే పదాలు: కోల్ దెమామా దక్కా. దెమామా అంటే నిశ్శబ్దం. దక్కా అంటే సన్ననిది, నలిగి పలచబడినది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా నేల మీద కనిపించిన మన్నాకు, ఫరో కలలో వచ్చిన బక్క ఆవులకు వాడిన విశేషణం ఇదే. సన్నటి నిశ్శబ్దపు సవ్వడి అనవచ్చునేమో. నాకైతే ఏ అనువాదమూ పూర్తిగా తృప్తినివ్వదు.

అయితే ఏలీయా నిలబడింది ఏ కొండ మీద? హోరేబు మీద. అదే కొండ మీద, అగ్ని మేఘాల మధ్యనుంచి, దేవుడు "గొప్ప స్వరముతో" పది ఆజ్ఞలు పలికాడని ద్వితీయోపదేశకాండము 5:22 అంటోంది. కోల్ గాదోల్. బయలు ప్రవక్తల కేకలకు వాడిన జంట పదమే ఇది. ఒకే కొండ, ఒకే దేవుడు, ఒకసారి ఉరుము, ఇంకోసారి నిశ్శబ్దం. జనమంతటికీ నిబంధన చెప్పినప్పుడు ఒకలా, అలసిపోయి చావును కోరుకున్న ఒంటరివాడితో మాట్లాడినప్పుడు మరోలా. ఇందులో ఒకటి పట్టుకుని రెండోది వదిలేయడానికి వీల్లేదు.

ఇంకొక సంగతి. హెబ్రీలో ఉరుముకు కూడా కోల్ అనే అంటారు. నిర్గమకాండము 9లో వడగండ్లతో వచ్చిన ఉరుములు "కోలోత్", అంటే స్వరాలు. కీర్తన 29లో "యెహోవా స్వరము" ఏడుసార్లు వస్తుంది, లెబానోను దేవదారు చెట్లను విరుస్తుంది. దాన్ని తుపాను మధ్య నిలబడి చదివినట్టు చదవాలి. యోహాను 12లో ఆకాశం నుంచి స్వరం వస్తే కొందరు ఉరిమిందన్నారు, కొందరు దేవదూత మాట్లాడాడన్నారు. శబ్దం అందరి చెవినా పడింది, మాట అందరికీ అందలేదు.

అపోహ: యెరికో గోడలు ధ్వని తరంగాలకు కూలాయి. మనం కూడా కేకలు వేస్తే అడ్డుగోడలు కూలతాయి.

వాస్తవం: వాట్సాప్‌లో ఏటా తిరిగే మాట ఇది. యెహోషువ 6 మొదటి నుంచి చదివితే నిలబడదు. ఇశ్రాయేలీయులు యెరికో పట్టణం చుట్టూ తిరిగింది ఆరు రోజులు, రోజుకొక చుట్టు. ఏడో రోజు ఏడు చుట్లు. మొత్తం 13. పొట్టేలు కొమ్ము బూరలు రోజూ మోగుతూనే ఉన్నాయి, గోడ కదలలేదు. జనానికి మాత్రం నోటి నుంచి ఏ ధ్వనీ రాకూడదని ఆజ్ఞ (10వ వచనం). ఈ అధ్యాయంలో కేక ఒక్కటే, మౌనం ఆరు రోజులు. మౌనం గురించి ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు.

చివర వేసిన కేకకు హెబ్రీ మాట "తెరూఆ గెదోలా", మహా ఆర్భాటం. సరిగ్గా ఈ రెండు పదాలే 1 సమూయేలు 4:5లో వస్తాయి. మందసం, అంటే దేవుని నిబంధన పెట్టె, దండులోకి రాగానే భూమి ప్రతిధ్వనించేలా ఇశ్రాయేలీయులు అరిచారు. ఫిలిష్తీయులు నిజంగానే భయపడ్డారు కూడా. తర్వాత యుద్ధంలో ఇశ్రాయేలీయుల కాల్బలం 30,000 మంది కూలారు, మందసం పట్టుబడింది. యెరికోలో కేక కంటే ముందు దేవుని మాట ఉంది. ఇక్కడ మందసాన్ని తెచ్చుకున్నారు గానీ దేవుణ్ణి అడగలేదు.

తెరూఆకు ఇంకో అందమైన వాడుక ఉంది. సౌలును రాజుగా నిలబెట్టినప్పుడు జనం వేసిన కేకకు ఇదే ధాతువు. "సమస్త దేశములారా, యెహోవాకు ఉత్సాహధ్వని చేయుడి" అన్న కీర్తన 100లోనూ అదే. రాజు వస్తున్నాడని తెలిసినవాళ్లు పలికే జేజేలు అవి. అందుకే సంఘంలో సంతోషంతో గొంతెత్తి పాడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. నేనూ పాడతాను.

చిన్నవి రెండు. 1 థెస్సలొనీకయులకు 4:16లో ప్రభువు "ఆర్భాటముతో" వస్తాడని చదివి హంగూ దర్పం అనుకునేవాళ్లున్నారు. ఈనాటి వాడుకలో ఆ మాటకు అర్థం అలా మారింది. గ్రీకు మాట కెలెవుస్మా. సేనాని సైనికులకు ఇచ్చే ఆజ్ఞ, తెడ్లు వేసేవాళ్లకు నాయకుడు పెట్టే కేక. పిలుపు విని లేవాలి, అంతే. రెండోది, పెంతెకొస్తు నాడు గాలివంటి ధ్వని ఆకాశం నుంచి వచ్చింది, శిష్యుల గొంతుల నుంచి కాదు. అక్కడ జనం ఆశ్చర్యపోయింది ఎవరి భాషలో వారికి మాట అర్థమైనందుకు.

అపోహ: తెల్లవారుజామున మైకు పెట్టకపోతే సాక్ష్యం తగ్గినట్టు.

వాస్తవం: సామెతలు 27:14. "వేకువనే లేచి గొప్ప శబ్దముతో తన స్నేహితుని దీవించువాని దీవెన వానికి శాపముగా ఎంచబడును." హెబ్రీలో ఇక్కడా కోల్ గాదోల్ అనే ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు వద్దని 2000లో కేంద్రం నియమాలు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో చెన్నైలోని ఒక సంఘం కేసులో, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు అంది. సొలొమోను సామెత చదువుకున్న మనకు కోర్టు చెప్పేదాకా రాకూడదు.

ఇది నేను నేర్చుకున్నది మా మందిరం వెనక ఇంటి పెద్దాయన దగ్గర. ఆయన క్రైస్తవుడు కాదు. నన్ను ఎప్పుడూ ఆదరంగా పలకరించేవాడు. ఓ రోజు గేటు దగ్గర ఆగి, "మా ఆవిడకు రాత్రంతా ఆయాసం బాబూ. నాలుగింటికి కాస్త కన్నంటుకుంటుంది. నాలుగున్నరకు మీ పాట మొదలవుతుంది" అన్నాడు. కోపంగా అనలేదు. నాలుగేళ్లు ఓర్చుకుని అన్నాడు.

ఆ వారం సంఘంలో ఈ సామెత చదివాను. బయటి బాక్సులు దింపించాం. ఇద్దరు పెద్దలకు ఇష్టం లేకపోయింది, ఒకరు కొన్నాళ్లు రావడం మానేశారు. వేకువ ప్రార్థన మాత్రం ఒక్కరోజు ఆగలేదు. తొమ్మిది, పదిమందిమి చాపల మీద కూర్చుంటాం, వెనకవైపు కిటికీలు మూసి ఉంటాయి.